రీసెట్ కొడితే పాత సాఫ్ట్‌వేర్ రాదు: ఫోన్ బాగు చేసుకున్న నా అనుభవం

2025 మే 24 శనివారం రాత్రి నెలవారీ సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది, వేసేశాను. 27 మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. తెర మీద పేరు లేదు, ఉత్త నంబరే. చూస్తే మా అమ్మ నంబరు. వాట్సాప్‌లో రాత్రి నుంచి ఒక్క మెసేజూ లేదు. వేలు పెడితే తీసుకోలేదు, పిన్ అడిగింది. పిన్ కొట్టగానే రాత్రి నుంచి ఆగిన మెసేజులన్నీ ఒక్కసారి బిలబిలమంటూ వచ్చి పడ్డాయి.

మనం నిద్రపోతుండగా ఫోన్ దానంతట అది రీస్టార్ట్ అయితే పొద్దున కనిపించే గుర్తులివే. మొదటిసారి పిన్ కొట్టేదాకా లోపలి డేటా తాళం తెరుచుకోదు. కాంటాక్టులు కూడా ఆ తాళం వెనకే ఉంటాయి కాబట్టి అమ్మ పేరు రాలేదు. అనుమానం తీర్చుకోవడానికి సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, అట్టడుగున ఉండే అప్ టైమ్ చూడండి. ఫోన్ చివరిసారి ఆన్ అయి ఎంతసేపైందో అక్కడ ఉంటుంది. నాది రెండు రోజుల పైన చూపించాలి. 2 గంటల 47 నిమిషాలు చూపించింది.

ఆ వారం మొత్తం ఒక కాగితం మీద గీతలు పెట్టాను. రోజుకు ఐదు నుంచి ఎనిమిది సార్లు. మ్యాప్ చూస్తూ బండి నడుపుతుంటే ఒకసారి, కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తుండగా ఒకసారి. డబ్బు వెళ్లిందో లేదో తెలియక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడ్డాం. ఫోన్ కంపెనీ పేరు రాయడం లేదు. కిందివన్నీ ఫాస్ట్‌బూట్ (లాప్‌టాప్ నుంచి ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ రాయనిచ్చే మోడ్) ఉండి, సాఫ్ట్‌వేర్ ఫైళ్లు కంపెనీయే తన సైట్‌లో అధికారికంగా పెట్టే ఆండ్రాయిడ్ ఫోన్లకు దాదాపు ఇలాగే ఉంటాయి.

మే 31, శనివారం: తప్పు ఎక్కడుందో వెతకడం

మొదట సేఫ్ మోడ్. పవర్ మెనూలో పవర్ ఆఫ్ మీద వేలు నొక్కి ఉంచితే అడుగుతుంది. మనం వేసుకున్న యాప్‌లన్నీ అందులో నిద్రపోతాయి, ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. చాలామంది పది నిమిషాలు చూసి బాగానే ఉందనుకుంటారు. రోజుకు ఆరుసార్లు పడే ఫోన్‌ని పది నిమిషాలు చూస్తే ఏం తెలుస్తుంది? నేను పూర్తిగా ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉంచాను. నాలుగుసార్లు రీస్టార్ట్ అయింది. అంటే నా యాప్‌ల పాపం కాదు.

రెండోది, లాప్‌టాప్‌కి కలిపి కారణం అడగడం. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. లాప్‌టాప్‌లో గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ జిప్ దించుకుంటే చాలు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ అనే పనిముట్టు అందులోనే ఉంటుంది. ఏడీబీ డివైసెస్ అని కొడితే ఫోన్ సీరియల్ నంబరు పక్కన అన్‌ఆథరైజ్డ్ అని వచ్చింది. కంగారు పడక్కర్లేదు, ఫోన్ తెర మీద అనుమతి అడుగుతూ ఒక పెట్టె తెరుచుకుని ఉంటుంది. తర్వాత ఏడీబీ షెల్‌లో గెట్‌ప్రాప్ ఆదేశంతో సిస్ డాట్ బూట్ డాట్ రీజన్ అడిగాను. చివరిసారి ఎందుకు రీస్టార్ట్ అయిందో ఫోన్ తనే రాసుకునే చోటు అది. మనం ఆపి ఆన్ చేస్తే యూజర్ రిక్వెస్టెడ్ అని ఉంటుంది. నాకు వచ్చిన జవాబు కెర్నెల్ ప్యానిక్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ తేరుకోలేని తప్పులో పడి ఆగిపోవడం. రోజంతా రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అడిగాను, ప్రతిసారీ అదే మాట.

ఈ ఒక్క మాటతో సగం అనుమానాలు తీరిపోయాయి. బ్యాటరీ నీరసించి ఫోన్ పడిపోతే కరెంటు తెగినట్టు ఆగుతుంది, కెర్నెల్‌కి ఆ మాట రాసుకునే వ్యవధే ఉండదు. మామూలు యాప్ క్రాష్ అయితే ఆ యాప్ ఒక్కటే మూసుకుపోతుంది, ఫోన్ మొత్తం పడదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం) అప్‌డేట్ ఒకటి తేడా చేసి ప్రపంచమంతా యాప్‌లు టపటపా మూసుకుపోయాయి, గుర్తుండే ఉంటుంది. అప్పుడు కూడా ఫోన్లు రీస్టార్ట్ కాలేదు, వెబ్‌వ్యూ అప్‌డేట్ తీసేస్తే సర్దుకున్నాయి. కెర్నెల్ ప్యానిక్ అంటే తప్పు కెర్నెల్‌లోనో, దాన్ని అంటిపెట్టుకున్న డ్రైవర్‌లోనో, లేదా మదర్‌బోర్డులోనో ఉన్నట్టు. అప్‌డేట్ వేసిన మూడో రోజే మొదలైంది కాబట్టి బోర్డు మీద నాకు అనుమానం తక్కువ.

కస్టమర్ కేర్‌కి చెబితే 35 నిమిషాలు లైన్‌లో ఉంచి, "ఫ్యాక్టరీ రీసెట్ చేయండి సర్, పాత సాఫ్ట్‌వేర్ వచ్చేస్తుంది" అన్నారు. సగం తిప్పలు ఈ మాటతోనే. రీసెట్ చెరిపేది యూజర్ డేటా ఉండే భాగాన్ని మాత్రమే. ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నెల్ ఉండే భాగాలు వేరే. వాటిని రీసెట్ తాకదు, ఫోన్ కొన్న రోజు వెర్షన్‌కి వెనక్కి తీసుకెళ్లదు. ఇంటి సామాను మొత్తం బయట పారేస్తే గోడలో పగులు పోతుందా?

సర్వీస్ సెంటర్‌లో అయితే కొత్త సాఫ్ట్‌వేరే వేస్తాం, వెనక్కి వేయం అన్నారు. ఆ పక్క సందులో రిపేరు కుర్రాడు 700 చెప్పాడు. "సాఫ్ట్‌వేర్ కొట్టాలన్నా, డేటా పోద్ది, ఓకేనా?" అని ముందే చెప్పినందుకు మెచ్చుకోవాలి. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచి, ఏ సాఫ్ట్‌వేర్‌ని లేపాలో చూసే భాగం) మళ్లీ లాక్ చేసి ఇస్తావా అని అడిగితే, "దాందేముందన్నా, అట్లనే వాడుకోవచ్చు" అన్నాడు. అట్లనే వాడుకుంటే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. అక్కడితో నేనే చేసుకుందామని నిశ్చయించుకున్నాను.

జూన్ 1 నుంచి 6: బ్యాకప్

ఫ్లాష్ చేయడం, అంటే ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ మళ్లీ రాయడం, మహా అయితే ఒక పూట పని. నాకు ఆరు సాయంత్రాలు పట్టింది దీనికే. ఈ భాగం తొందరగా తేల్చేసినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

ఫొటోలు, వీడియోలు 61 జీబీ. కేబుల్ పెట్టి విండోస్‌లో ఫోల్డర్ లాగి వదిలితే 14 జీబీ దగ్గర కాపీ బిగుసుకుపోయింది. అసలు ఆ కేబులే మొదట లాప్‌టాప్‌కి ఫోన్‌ని చూపించలేదు, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం. 299 పెట్టి డేటా కేబుల్ కొన్నాను. తర్వాత ఫైళ్లను లాప్‌టాప్‌కి లాగే ఏడీబీ పుల్ ఆదేశం వాడాను, గంటా పది నిమిషాల్లో మొత్తం వచ్చేసింది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. పుల్ తర్వాత హైఫన్, ఏ అని పెట్టాలి. పెట్టకపోతే ఫైళ్లన్నింటికీ కాపీ చేసిన రోజు తేదీ పడుతుంది. కెమెరా ఫొటోల లోపల తేదీ దాచి ఉంటుంది కాబట్టి నష్టం లేదు. వాట్సాప్ ఫొటోల్లో అది ఉండదు. ఐదేళ్ల పెళ్లి ఫొటోలన్నీ 2025 జూన్‌లో తీసినట్టు గ్యాలరీలో గుంపుగా పడతాయి.

వాట్సాప్‌కి రెండు దారులు పెట్టుకున్నాను. గూగుల్ బ్యాకప్ ఇప్పుడు మన 15 జీబీ ఖాతాలోనే లెక్కపడుతుంది. నాకు మిగిలింది 4 జీబీ, వీడియోలు తీసేసినా చాట్ 6 జీబీ. నెలకు 130 రూపాయల 100 జీబీ ప్లాన్ ఒక్క నెలకు తీసుకున్నాను. రెండోది లోకల్ కాపీ. ఫోన్ మెమరీలో ఆండ్రాయిడ్, దాని లోపల మీడియా, దానిలో వాట్సాప్ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం లాప్‌టాప్‌కి లాగేయాలి. డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో ఇవాళ్టి తేదీ ఉన్న బ్యాకప్ ఫైలు ఉందో లేదో కళ్లతో చూసుకోండి. రాత్రి 2 గంటలకు అది తనే బ్యాకప్ తీసుకుంటుంది. ఆ వేళకి నా ఫోన్ రీస్టార్ట్ అయి తాళం వేసి కూర్చుంటోంది కాబట్టి మూడు రోజులుగా బ్యాకప్పే లేదు. చేత్తో బ్యాకప్ నొక్కాను. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసినవాళ్లు ఆ పాస్‌వర్డో, 64 అంకెల తాళమో కాగితం మీద రాసుకుని ఉండాలి. అది పోతే వాట్సాప్ వాళ్లు కూడా తీయలేరు.

గూగుల్ బ్యాకప్ ఉంది కదా, అన్నీ వచ్చేస్తాయి అనుకోవద్దు. ఒక్కో యాప్‌కి అది దాచేది 25 ఎంబీ దాకానే, అదీ ఆ యాప్ ఒప్పుకుంటే. బ్యాంకు యాప్‌లు అసలు ఒప్పుకోవు. ఆఫీసు లాగిన్‌కి ఆరంకెల కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ గూగుల్ ఖాతాతో సింక్ అయి లేదు. అందులోని ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ని మా ఆవిడ ఫోన్‌తో స్కాన్ చేయించాను. జీబోర్డ్‌లో నేను చేర్చుకున్న తెలుగు మాటల పర్సనల్ డిక్షనరీ కూడా ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాను. అది కీబోర్డు తనంతట నేర్చుకున్న మాటల్ని మాత్రం ఇవ్వదు.

నాలుగో రోజు రాత్రి అన్నీ అయిపోయాయనుకుని, పడుకునే ముందు ఊరికే రికార్డర్ యాప్ తెరిచాను. 41 రికార్డింగులు. అందులో ఒకటి మా అమ్మమ్మ పాడిన మంగళహారతి, 2022లో పండగకి తీసింది. ఆ పాట ఇంకెక్కడా లేదు. ఆ యాప్ ఫైళ్లను పైకి కనిపించే మెమరీలో కాకుండా తన సొంత అరలో దాచుకుంటుంది, ఏడీబీ పుల్‌కి అది అందదు. ఒక్కొక్కటీ తెరిచి షేర్ నొక్కి డ్రైవ్‌లో పెట్టడానికి గంట పట్టింది. అప్పట్నుంచి అందరికీ చెప్పే పద్ధతి ఒకటే: ఫోల్డర్ల లెక్కన కాదు, హోమ్ స్క్రీన్ మీద ఉన్న ప్రతి యాప్‌నీ వరసగా తెరిచి, ఇందులోది పోతే నాకు బాధా కాదా అని చూసుకోవాలి. డిజీలాకర్ లాంటివి చిటికెలో దాటేయొచ్చు, ఆ పత్రాలు ఎలాగూ ఫోన్‌లో ఉండవు.

గూగుల్ పాస్‌వర్డ్ ఈ రోజుల్లో మార్చకండి. మార్చితే 24 గంటలు ఆగి రీసెట్ చేయమని గూగులే చెబుతుంది. పాస్‌వర్డ్ నోటికి వచ్చో లేదో మాత్రం లాప్‌టాప్‌లో లాగిన్ అయి చూసుకోండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, రికవరీలో (ఆండ్రాయిడ్ లేవకుండానే తెరుచుకునే మరమ్మతు మెనూ) చెరిపిన ఫోన్ పాత ఖాతా అడగందే కదలదు.

జూన్ 7, శనివారం: రీసెట్

బక్రీద్ సెలవు. పొద్దున 9.10కి గూగుల్ ఖాతా తీసేసి, సెట్టింగ్స్‌లోంచే రీసెట్‌కి వెళ్లాను. అక్కడ ఈసిమ్ కూడా చెరపాలా అని విడిగా ఒక గడి ఉంటుంది. నాది ఒకటి ఈసిమ్, దాన్ని టిక్ చేయలేదు. పొరపాటున చెరిపితే కంపెనీ దగ్గర మళ్లీ తీసుకోవాలి. సిమ్ మారినట్టు లెక్కయితే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, అంటే ఓటీపీలూ ఆగుతాయి. చివరి బటన్ మీద వేలు పెట్టి ఒక నిమిషం ఆగాను. రెండు కాపీలున్నాయని తెలుసు. అయినా చెయ్యి ఆడలేదు.

చెరపడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. 128 జీబీ అంత త్వరగా ఎలా చెరిగిందంటే, అది ఒక్కో ఫైలూ చెరపదు, ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని నాశనం చేస్తుంది. మిగిలిందంతా అర్థం లేని అంకెలు. అందుకే రీసెట్ అయ్యాక ఫొటోలు తీసిస్తామని చెప్పేవాళ్లకి డబ్బు ఇవ్వకండి.

వైఫై తప్ప ఏదీ పెట్టకుండా, ఖాతా లేకుండా, యాప్ లేకుండా ఉత్త ఫోన్‌ని ఒక రోజు వదిలాను. ఈ ఖాళీ రోజు లేకుండా వెంటనే బ్యాకప్ ఎక్కించేస్తే, మళ్లీ క్రాష్ అయినప్పుడు తప్పు సిస్టమ్‌దా, మనం తిరిగి తెచ్చుకున్నదానిదా తేలదు. జూన్ 8 ఉదయానికి మూడుసార్లు పడింది. కారణం అదే, కెర్నెల్ ప్యానిక్. అనుకున్నదే అయినా మనసు చివుక్కుమంది.

జూన్ 8, ఆదివారం: అసలు పని

నాకు కావాల్సింది మే అప్‌డేట్‌కి ముందున్న ఏప్రిల్ వెర్షన్. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయడానికి దారులు రెండు. ఒకటి రికవరీలోంచి ఏడీబీ సైడ్‌లోడ్, అంటే లాప్‌టాప్ నుంచి అప్‌డేట్ ఫైలుని పంపడం. బూట్‌లోడర్ అన్‌లాక్ చేయక్కర్లేదు, డేటా కూడా పోదు. ఉన్న వెర్షన్ కంటే పాతదాన్ని మాత్రం అది తీసుకోదు. కొత్త అప్‌డేట్ సెట్టింగ్స్‌లో సగంలో ఆగిపోయి వేధిస్తున్నవాళ్లకి ఇదే మంచి మందు. దాంట్లో రెండు బెదిరింపులు ఉంటాయి, లెక్కచేయకండి. రికవరీలోకి వెళ్తే పడిపోయిన ఆండ్రాయిడ్ బొమ్మ, నో కమాండ్ అనే మాట వస్తాయి. పవర్ నొక్కి పట్టుకుని వాల్యూమ్ అప్ ఒక్కసారి తట్టి వదిలితే మెనూ వస్తుంది. తర్వాత లాప్‌టాప్‌లో లెక్క 47 శాతం దగ్గర ఆగిపోయినట్టు కనిపించొచ్చు. కేబుల్ పీకకండి, ఫోన్ తన పని తను చేసుకుంటూ ఉంటుంది.

వెనక్కి వెళ్లాలంటే రెండో దారి, ఫాస్ట్‌బూట్‌తో మొత్తం ఫ్యాక్టరీ ఇమేజ్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ అంతా ఉండే కంపెనీ ఫైలు) వేయడం. కంపెనీ సైట్‌లో సరిగ్గా నా మోడల్ నంబరుది, నా దేశానిది ఏప్రిల్ ఫైలు దించాను, 2.6 జీబీ. యాంటీ రోల్‌బ్యాక్ అనే అడ్డం ఉందో లేదో అదే పేజీలో చదువుకోండి. కొన్ని అప్‌డేట్‌ల తర్వాత పాత బూట్‌లోడర్‌కి వెళ్తే ఫోన్ ఇటుకే, ఇక లేవదు. మే అప్‌డేట్‌కి అలాంటి హెచ్చరిక లేదు. దించిన ఫైలుకి విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైలుకి వేలిముద్ర లాంటిది) తీసి, సైట్‌లో ఇచ్చిన అంకెలతో మొదటి ఆరూ, చివరి ఆరూ సరిచూశాను. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్ల జోలికి పోవద్దు.

లాప్‌టాప్ సీ డ్రైవ్‌లో పది జీబీ ఖాళీ ఉంచుకోండి. ఇమేజ్‌ని విప్పేది అక్కడే, చాలకపోతే మధ్యలో ఆగుతుంది. ప్లాట్‌ఫామ్ టూల్స్ పాతవి ఉంటే తీసేసి కొత్తవి వేసుకోండి. ఫోన్ చార్జింగ్ 82 శాతం. మా కూకట్‌పల్లి కరెంటు సంగతి తెలుసు కాబట్టి లాప్‌టాప్ కూడా ఫుల్ చార్జ్.

మధ్యాహ్నం 3.20. డెవలపర్ ఆప్షన్స్‌లో, బూట్‌లోడర్ అన్‌లాక్‌కి అనుమతిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేశాను. దానికి నెట్ ఉండాలి. ఈ స్విచ్ ఫోన్ బతికి ఉండగానే వేయాలి. ఫోన్ బూట్ కాకుండా పోయాక వేయడానికి దారి లేదు, అప్పుడు మిగిలేది సైడ్‌లోడ్ ఒక్కటే. ఆపేసి, వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్ తెర వచ్చింది. డివైస్ స్టేట్ లాక్డ్ అని ఉంది. లాప్‌టాప్‌లో ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్ కొట్టాను. ఫోన్ తెర మీద వాల్యూమ్ బటన్‌తో అన్‌లాక్ దాకా జరిపి, పవర్ నొక్కాలి. అన్‌లాక్ చేస్తే డేటా మళ్లీ చెరుగుతుంది, అంటే నిన్నటి రీసెట్ పరీక్షకి తప్ప దేనికీ పనికి రాలేదు.

తర్వాత జిప్ లోపల ఉన్న ఫ్లాష్ ఆల్ ఫైలు నడిపాను. నల్లటి కిటికీలో సెండింగ్, ఓకే, రైటింగ్, ఓకే అని వరసలు పడుతున్నాయి. బూట్‌లోడర్ వెళ్లింది, ఫోన్ ఒకసారి ఆగి లేచింది. రేడియో (సిగ్నల్ చూసుకునే సాఫ్ట్‌వేర్) వెళ్లింది, మళ్లీ లేచింది. తర్వాత ఫోన్ తెర మారిపోయి ఫాస్ట్‌బూట్‌డీ అని ఎర్ర అక్షరాలు వచ్చాయి, లాప్‌టాప్‌లో వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్ దగ్గర కర్సర్ మిణుకుమంటూ ఉండిపోయింది.

ఐదు నిమిషాలు. పది. పావుగంట. సగం పాత, సగం కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఫోన్ చేతిలో ఉంది. "అయిపోయిందా?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది, రెండోసారి నేను జవాబు చెప్పలేదు. కేబుల్ పీకి మళ్లీ పెడదామని చెయ్యి వెళ్లింది, ఆపుకున్నాను. సంగతి ఏమిటంటే, కొత్త ఫోన్లలో సిస్టమ్ భాగాలు రాయడానికి ఫోన్ వేరే మోడ్‌లోకి వెళ్తుంది. విండోస్‌కి అది కొత్త పరికరంలా కనిపిస్తుంది, ఇందాకటి డ్రైవర్ దీనికి అంటుకోదు. డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు గుర్తుతో ఆండ్రాయిడ్ అని ఒకటి ఉంది. దాని మీద అప్‌డేట్ డ్రైవర్, కంప్యూటర్‌లో నేనే చూపిస్తాను, జాబితాలోంచి ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్ ఎంచుకున్నాను. ఓకే నొక్కిన మరుక్షణం నల్ల కిటికీలో వరసలు మళ్లీ పరుగెత్తాయి. ఆదేశం చచ్చిపోలేదు, పాపం నిజంగానే ఎదురుచూస్తూ ఉంది. ఇలా ఆగిపోయిన ఇరవై ఐదు నిమిషాలు తీసేస్తే ఫ్లాష్‌కి పట్టింది 11 నిమిషాలు. మొదటి బూట్‌కి ఇంకో ఆరు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఫోన్ లేచిన ఆనందంలో వైఫై, గూగుల్ ఖాతా, భాష, వేలిముద్ర, అన్నీ పెట్టేశాను. నలభై నిమిషాలు. తర్వాత గుర్తొచ్చింది, బూట్‌లోడర్ లాక్ చేస్తే మళ్లీ మొత్తం చెరుగుతుంది. సరైన వరస ఇది: ఫ్లాష్ అయ్యాక ఒక్కసారి హోమ్ స్క్రీన్ దాకా రావాలి, కాల్, వైఫై, కెమెరా పనిచేస్తున్నాయో చూడాలి, ఏమీ పెట్టకుండా తిరిగి ఫాస్ట్‌బూట్‌కి వెళ్లి ఫ్లాషింగ్ లాక్ కొట్టాలి. బూట్ అవుతుందని చూడకుండా లాక్ చేయకూడదు. కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ మీద అసలే లాక్ చేయకూడదు.

లాక్ చేయకుండా వదిలేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ నారింజ రంగు హెచ్చరిక, బ్యాంకు యాప్‌ల తిరస్కారం, సినిమా యాప్‌లలో మసక బొమ్మ. లాక్ కొట్టాక సాయంత్రం 5.40కి ఆ హెచ్చరిక పోయింది.

వేరే ఫోన్లవాళ్లకి ఒక మాట. శాంసంగ్‌లో ఫాస్ట్‌బూట్ ఉండదు, డౌన్‌లోడ్ మోడ్‌లో ఓడిన్‌తో వేస్తారు. అందులో సీఎస్‌సీ ఫైలు పెడితే డేటా చెరుగుతుంది, హోమ్ సీఎస్‌సీ పెడితే ఉంటుంది. అన్‌లాక్ కుదిరే మోడళ్లలో కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ వేస్తే నాక్స్ (శాంసంగ్ భద్రతా వ్యవస్థ) గుర్తు శాశ్వతంగా పడుతుంది, మళ్లీ లాక్ చేసినా పోదు. షావోమీలో చాలా మోడళ్లకు అన్‌లాక్ అడిగాక కొన్ని రోజులు ఆగాలి. ఐఫోన్‌లో కంప్యూటర్‌కి కలిపి రిస్టోర్ చేయడం వీటన్నింటికంటే తేలిక. ఆపిల్ సంతకం చేస్తున్న వెర్షన్‌కి మాత్రమే వెళ్లగలరు, పాతవాటికి ఆ సంతకం త్వరలోనే ఆగిపోతుంది.

జూన్ 9 తర్వాత: తిరిగి ఇల్లు సర్దుకోవడం

రాత్రంతా ఖాళీ ఫోన్. పొద్దున లేచి చూస్తే అప్ టైమ్ 13 గంటలు దాటింది. రెండు వారాల్లో అంత అంకె చూడలేదు. అప్పుడు మొదలుపెట్టాను.

వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి తెరవకుండా ఉంచి, ముందు లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ని పాత చోటే పెట్టాలి, తర్వాత తెరిచి నంబరు ఇవ్వాలి. తెరిచాక పెడితే కొత్త ఖాళీ ఫోల్డర్‌తో కలగాపులగం అవుతుంది. చాట్లు రావడానికి 22 నిమిషాలు పట్టింది, ఫొటోలు అప్పటికే అక్కడున్నాయి కాబట్టి నెట్ నుంచి ఏమీ దించుకోలేదు. అంటే ఆ 130 రూపాయలు అక్కరకు రాలేదు, దిగులు తగ్గించుకోవడానికి కట్టినట్టే.

యూపీఐ యాప్‌లు ఫోన్ మారినట్టే లెక్కేస్తాయి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఈ ఫోన్‌లోనే ఉండాలి. అది తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, ఆ సిమ్‌లో ఎస్సెమ్మెస్ బ్యాలెన్స్ ఉండాలి. నా రెండో సిమ్‌లో రీచార్జి లేక రెండుసార్లు ఫెయిలైంది, కారణం ఏమిటో యాప్ చెప్పదు. యూపీఐ పిన్ పాతదే పనిచేసింది. కానీ మొదటి 24 గంటలు 5,000 దాకానే పంపనిచ్చింది. ఆ రోజే పిల్లాడి బడి ఫీజు, 18,500. 12న బడులు తెరుస్తున్నారు. లాప్‌టాప్‌లో డెబిట్ కార్డుతో కట్టాను. నెల మొదట్లో అద్దె కట్టే రోజున ఈ పని పెట్టుకోకండి. ఒక బ్యాంకు యాప్ డెబిట్ కార్డు వివరాలు అడిగింది, కార్డు దగ్గర ఉంచుకోండి.

మిగతా యాప్‌లు రోజుకు పది చొప్పున వేశాను, నాలుగు రోజులు. అన్ని యాప్‌లూ ఒక్కసారి దించేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరిని పట్టుకోవాలి? మొదటి రెండు రోజులు ఫోన్ వేడెక్కింది, చార్జింగ్ త్వరగా దిగింది. ఫొటోలు, ఫైళ్లు మళ్లీ లెక్కపెట్టుకుంటుంది, మూడో రోజుకి అదే సర్దుకుంది. కీబోర్డు మాత్రం వారం రోజులు పసిపిల్లలా ప్రవర్తించింది. నేను "పిన్నిగారు" అంటే అది ఇంకేదో అనేది.

డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ ఆపేశాను. లేకపోతే ఒక రాత్రి అది మళ్లీ మే వెర్షన్ ఎక్కించుకుని కూర్చుంటుంది. ఆపినా నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది, దాన్ని పొరపాటున తాకకుండా ఉండటమే మన పని. ఓఈఎం అన్‌లాకింగ్ ఒక వారం అలాగే ఉంచి, అంతా కుదుటపడ్డాక ఆపేశాను. దొంగ చేతిలో పడితే ఆ స్విచ్ వాడికే ఉపయోగం.

చేతి ఖర్చు మొత్తం 429 రూపాయలు: కేబుల్ 299, గూగుల్ ప్లాన్ 130. ప్లాన్‌ని మర్నాడే రద్దు చేశాను.

జులై 8న కొత్త అప్‌డేట్ వచ్చింది. ఆరు రోజులు ఆగి, వాట్సాప్ ఫోల్డర్ మరోసారి లాగి పెట్టుకుని, 14 రాత్రి 9కి వేశాను. 23 సాయంత్రం 6కి అబౌట్ ఫోన్ తెరిచి చూస్తే అప్ టైమ్ 213 గంటలు.